అమ్మబోయి ఆగిన కారు

మా ఆవిడ ఇప్పటికీ సందు దొరికితే నన్ను దెప్పిపొడిచే సంగతి ఒకటుంది. దానితోనే మొదలుపెడతాను.

1998 వేసవిలో, నేను ఉంటున్న ఒట్టావాలో, ఒక పాత బెంజి కారు అమ్మకానికి వచ్చింది. మామూలు బెంజి కాదు. 450 ఎస్.ఇ.ఎల్. 6.9 అని దాని పేరు. 1975 నుంచి 1980 దాకా ప్రపంచం మొత్తానికి కలిపి ఏడువేల మూడొందల పైచిలుకు మాత్రమే తయారుచేశారు. చూడ్డానికి నాలుగు తలుపులతో, పొడుగ్గా, ఊరి పెద్దమనిషిలా నెమ్మదిగా కనిపిస్తుంది. బానెట్టు ఎత్తితే ఎనిమిది సిలిండర్ల ఇంజను. యూరప్‌లో అమ్మినవాటికి 286 గుర్రాల బలం. గంటకి 225 కిలోమీటర్ల వేగం. స్ప్రింగులకి బదులు నూనె, వాయువుల ఒత్తిడి మీద తేలే సస్పెన్షను. కుటుంబాన్ని వెనకసీట్లో కూచోబెట్టుకుని ఆనాటి స్పోర్ట్సు కార్లని దాటుకుపోగల బండి. విశాఖపట్నంలో పెరిగిన మా తరానికి "బెంజి కారు" అన్నది వస్తువు పేరు కాదు, ఒక అంతస్తు పేరు. "వాడికేంటండీ, బెంజి కార్లో తిరుగుతున్నాడు" అంటే ఇక ఆ మనిషి గురించి చెప్పాల్సింది ఏమీ మిగలనట్టే.

కారు యజమాని చాలా మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు. కారు చుట్టూ తిప్పి చూపించాడు. అప్పుడు గొంతు కాస్త తగ్గించి, "ఇది మొదట్లో ఒక రాయబారిది. ఇందులో ఎంతెంత పెద్దవాళ్ళు కూర్చున్నారో మీరు ఊహించుకోలేరు" అన్నాడు. ఒట్టావా దేశరాజధాని. వీధికొక ఎంబసీ ఉంటుంది. నమ్మడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ వాక్యం తరవాత ఆయన చెప్పిన ధర మటుకు అలాంటి ఇతర కార్ల ధరకన్నా ఆరువేల డాలర్లు ఎక్కువుంది.

ఇంటికొచ్చి ఉత్సాహంగా చెప్పాను. మా ఆవిడ కూర తరుగుతూ, "అంబాసిడర్ కారే కావాలనుకుంటే మన ఊళ్ళోనే దొరికేదిగా! ఇంత దూరం ఎందుకొచ్చారూ?" అంది.

ఆ దెబ్బకి కాస్త తెలివొచ్చి, మర్నాడు పాత కాయితాలు అడిగాను. ఆయన మొహమాటంగానే ఇచ్చాడు. మొదటి రిజిస్ట్రేషను మాంట్రియల్‌లోని ఒక పళ్ళ డాక్టరుగారి పేరు మీద ఉంది. ఆయన నన్ను మోసం చేద్దామనుకున్నాడని నేను అనుకోవడం లేదు. తనకి అమ్మినవాడు చెప్పిన మాటే తనూ చెప్పి ఉంటాడు. కారు చేతులు మారినప్పుడల్లా కథ కూడా మారుతుంది, పెరుగుతుంది. నేను కొనలేదు. కాని కారు ధరలో ఇనుమెంత, కథెంత అన్న లెక్క మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

కార్లకీ కథలకీ ఉన్న చుట్టరికం మనవాళ్ళకి కొత్తదేం కాదు. నిజాం నవాబు రోల్స్‌రాయిస్ కార్లతో వీధులు ఊడిపించాడన్న కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. లండన్ షాపులో తనకి జరిగిన అవమానానికి పగతీర్చుకోవడానికట! అదే కథ ఆళ్వార్ మహారాజు గురించి రాజస్థానంలో చెబుతారు, పటియాలా మహారాజు గురించి పంజాబులో చెబుతారు. అన్ని ఊళ్ళలోనూ అదే షాపు, అదే అవమానం, అదే చీపురు. చెప్పేవాళ్ళే గాని, కాయితం చూపించినవాళ్ళు లేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఈనాటికీ ఉంది. 1912 నాటి బండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది చేతికందకుండానే 1911లో పోయారు. ఊరేగింపులకోసం లోపల సింహాసనంలాంటి ఆసనం అమర్చిన ఆ కారు నిజమైన కథ చాలామందికి తెలియదు. చీపురు కథ అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను బెంజి కారు కొనకుండా వదిలేసిన రెండేళ్ళకి, 2000 ఫిబ్రవరిలో, మా ఊళ్ళోనే మరో బెంజి కారు అమ్మకం మాట పత్రికలకెక్కింది. ఈసారి అమ్మదలచింది ఏ పెద్దమనిషో కాదు, కెనడా యుద్ధ మ్యూజియం. కారు హిట్లర్‌ది.

ఆ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. "గ్రోసర్ మెర్సేడిస్", అంటే పెద్ద మెర్సేడిస్, అని జర్మనీవాళ్ళు పిలుచుకున్న 770 రకం కారు 1930లో మొదలైంది. పదవీచ్యుతుడై హాలండులో తలదాచుకున్న జర్మనీ మాజీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఒకటి కొనుక్కున్నాడు. జపాను చక్రవర్తి హిరోహిటో వాహనశాలలో కొన్ని ఉండేవి. 1938లో రూపురేఖలు మార్చి రెండో తరం కార్లు మొదలుపెట్టారు. 1943లో ఆపేసేలోపు తయారైనవి నూటికి లోపే. ఏడున్నర లీటర్లకి పైబడిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. మామూలుగా 155 గుర్రాల బలం. యాక్సిలరేటరు అడుగంటా తొక్కితే సూపర్‌ఛార్జరు అందుకుని 230 అవుతుంది. ఆరు మీటర్ల పొడుగు. ఉక్కురేకులు, మందపాటి అద్దాలు తొడిగితే బరువు నాలుగు టన్నుల పైమాటే. మనం తిరిగే కారు బరువుకి రెండు మూడింతలన్నమాట.

ఒట్టావాలో ఉన్నది పై కప్పు మడతపెట్టి తీసేసే రకం. ఎందుకంటే అది ప్రయాణానికి చేసిన కారు కాదు, కనిపించడానికి చేసిన కారు. డ్రైవరు పక్క సీటు మడిచేస్తే నాయకుడు అక్కడ లేచి నిలబడతాడు. కాళ్ళకింద నేల కొంచెం ఎత్తుచేసి ఉంటుంది. దారికి రెండు పక్కలా నిలబడ్డ లక్షలమంది కళ్ళకి మనిషి ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తాడు. మన ఊళ్ళలో దేవుడి రథం ఎందుకంత ఎత్తుంటుందో, ఇదీ అందుకే.

ఈ ఆర్భాటానికి జర్మనులే పడిపోయారనుకుంటే పొరపాటు. 1937 జూన్‌లో కెనడా ప్రధాని మెకెంజీ కింగ్ బెర్లిన్ వెళ్ళి హిట్లర్‌ని కలిశారు. ఆ సాయంత్రం డైరీలో ఆయన్ని మెచ్చుకుంటూ రాసుకున్నారు. రెండేళ్ళు తిరగకుండానే, 1939లో, సెయింట్ లూయిస్ అనే ఓడలో తొమ్మిదివందల పైచిలుకు యూదు శరణార్థులు అట్లాంటిక్ దాటి వస్తే, అదే ప్రధాని ప్రభుత్వం వాళ్ళని దిగనివ్వలేదు. వెనక్కి పోయినవాళ్ళలో రెండొందల యాభైమందికి పైగా ఆ మారణహోమంలో పోయారు. దానికి కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2018 నవంబరులో.

ఈ కారు 1940 జులైలో బెర్లిన్‌లోని హిట్లర్ కార్యాలయానికి చేరింది. అంతకు కొద్ది రోజుల ముందే ఫ్రాన్సు లొంగిపోయింది. అంటే హిట్లర్ అదృష్టం నడినెత్తిన ఉన్న రోజుల్లో వచ్చిన బండి ఇది. అయిదేళ్ళు తిరక్కుండా, 1945 మే నెల మొదటివారంలో, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర సాల్జ్‌బర్గ్ సమీపంలో అమెరికను సైనికులకి ఒక రైలు బోగీ మీద కట్టేసి దొరికింది. అప్పటికి హిట్లర్ చచ్చి నాలుగైదు రోజులయింది.

అక్కడ కారుకి ఒక కథ అంటుకుంది. ఇది హిట్లర్ తరవాతంతటివాడైన హెర్మన్ గోరింగ్ కారు అని. సైనికులు ఆ మాటే నమ్మారు, పై అధికారులూ నమ్మారు. ఓడ మీద అమెరికా తీసుకెళ్ళి, యుద్ధ బాండ్ల అమ్మకాలకోసం ఊరూరా ప్రదర్శించారు. తరవాత మేరీలాండ్‌లోని అబర్డీన్ సైనిక స్థావరంలో పడేశారు. 1956లో సైన్యం అక్కర్లేని సామానుతోపాటు దీన్నీ వేలం వేసింది. పలికిన ధర 2,725 డాలర్లు. ఆ రోజుల్లో ఒక కొత్త అమెరికను కారు ధర దాదాపు అంతే. మాంట్రియల్ చేరి, చేతులు మారి, చివరికి క్యూబెక్ వ్యాపారవేత్త క్లోడ్ ప్రాట్ దగ్గరకి వచ్చింది. 1970లో ఆయన దాన్ని యుద్ధ మ్యూజియానికి దానం ఇచ్చారు. పేరు మారలేదు, గోరింగ్ కారే. జనం బారులు తీరి చూశారు.

అదే మ్యూజియంలో లుడ్విగ్ కోష్ అనే లైబ్రేరియన్ ఉండేవారు. ఆయనకి ఆ పేరు మీద అనుమానం కలిగింది. ఇది గోరింగ్‌దే అనడానికి మన దగ్గరున్న కాయితం ఏది, అన్నది ఆయన ప్రశ్న. నేను పళ్ళ డాక్టరుగారి కారు విషయంలో అడిగిందీ అదే. తేడా ఏమిటంటే నాకు ఒక్క పూట పట్టింది, ఆయనకి ఏళ్ళు పట్టింది. ఈమెయిళ్ళు లేని రోజులు. జర్మనీలోని కంపెనీకి ఉత్తరాలు రాశారు. ఆర్డరు పుస్తకాల్లో ఏ నంబరు బండి ఏ తేదీన ఎవరికి వెళ్ళిందో తెప్పించుకున్నారు. పాత ఫోటోలు పోగుచేసి, కారు మీద ఉన్న ఒక్కో గుర్తునీ ఫోటోల్లోని గుర్తులతో పోల్చారు. నంబరు ప్లేటు మీద పైపూత గీకిస్తే లోపల అసలు అంకెలు బయటపడ్డాయి. ఆయన తేల్చింది ఇది: కారు గోరింగ్‌ది కాదు. హిట్లర్‌దే. బ్రిటన్‌నుంచి వచ్చే "ఆఫ్టర్ ది బ్యాటిల్" పత్రికలో 1982లో ఆ పరిశోధన వెలువడింది.

ఇక్కడ మన కథల తీరుకి పూర్తిగా ఎదురు నడిచిన సంగతి ఒకటుంది. మామూలుగా కాయితాలు వెతికితే కథ చిన్నదవుతుంది. రాయబారి కారు పళ్ళ డాక్టరుగారి కారు అవుతుంది. అదే కాలంలో అమెరికాలో జరిగిందీ అదే. షికాగో వ్యాపారి క్రిస్టఫర్ జానస్ 1948లో స్వీడన్ నుంచి తనకి రావలసిన బాకీ కింద ఇలాంటి 770 కారునే తెచ్చుకుని, హిట్లర్ కారంటూ దేశమంతా తిప్పి, ధర్మకార్యాలకి డబ్బు కూడా పోగుచేశాడు. తీరా చూస్తే అది హిట్లర్ తిరిగినది కాదు, ఫిన్లండు సేనాని మానర్‌హైమ్‌కి అతను కానుకగా పంపినది. ఒట్టావాలో మాత్రం కాయితాలు వెతికితే కథ పెద్దదయింది. అబద్ధంకన్నా నిజమే భారీగా ఉంది.

నిజం తేలడంతో ధర కూడా పెరిగింది. 1973 జనవరిలోనే అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో "హిట్లర్ కారు" పేరుతో ఒకటి వేలంలో 1,53,000 డాలర్లకి పోయింది. అప్పటికి వేలంలో ఏ కారుకీ అంత రాలేదు. కోష్‌గారు చేసిన పని వల్ల ఒట్టావా కారుకి కదల్చడానికి వీల్లేని పుట్టుపూర్వోత్తరాలు ఏర్పడ్డాయి. అమ్మేవాడికి అంతకన్నా ఏం కావాలి? లైబ్రేరియన్ నిజం తెలుసుకోవడానికి పడ్డ శ్రమంతా, ఆయన కోరకుండానే, ధర పట్టీగా మారిపోయింది.

మళ్ళీ 2000కి వద్దాం. మ్యూజియం అప్పట్లో ససెక్స్ డ్రైవ్‌లో ఇరుకైన పాత భవనంలో ఉండేది. కొత్త భవనం కట్టాలి, డబ్బు కావాలి. దానికి అధిపతిగా ఉన్న చరిత్రకారుడు జాక్ గ్రానట్‌స్టైన్ కారు అమ్మే ఆలోచన బయటపెట్టారు. మిలియన్ల డాలర్లు పలుకుతుందని అంచనాలు వచ్చాయి. దేశంలో పెద్ద దుమారం లేచింది. మాజీ సైనికులు, యూదులు, మామూలు జనం, ఎవరి కోణంలో వాళ్ళు మాట్లాడారు. మా ఆఫీసు భోజనాల బల్ల దగ్గర వారంరోజులు అదే గొడవ.

దాచుకోకుండా ఒప్పుకుంటున్నాను. నేను అప్పుడు అమ్మాలన్న పక్షం.

నా వాదన ఇది. ఈ కారుకి కెనడా చరిత్రతో సంబంధం ఏముంది? పట్టుకున్నది అమెరికన్లు. కెనడా దగ్గరకి వచ్చింది వేలంపాట దారిన. హిట్లర్ మీద యుద్ధంలో, కోటీ పది లక్షల జనాభా ఉన్న ఈ దేశం నుంచి పదిలక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. నలభై అయిదువేల మందికి పైగా పోయారు. వాళ్ళ ఉత్తరాలూ బట్టలూ పెట్టుకోవడానికి చోటు లేని మ్యూజియంలో, వాళ్ళని చంపించినవాడి కారుకి అంత జాగా ఎందుకు? అమ్మేసి, ఆ డబ్బుతో వాళ్ళకి గది కట్టండి. అది టెలికాం షేర్లు రోజుకి ఇంత చొప్పున పెరుగుతున్న ఏడాది అన్నది కూడా చెప్పాలి. ప్రతి వస్తువుకీ ఒక ధర ఉంటుందనీ, అది పెరుగుతున్నప్పుడే అమ్ముకోవాలనీ మేమంతా నమ్ముతున్న రోజులవి.

బల్లకి అవతల పక్క పోలండునుంచి వచ్చిన సహోద్యోగి కూర్చునేవాడు. ఆయన ఎప్పుడూ వాదించేవాడు కాదు. ఆరోజు ఒక్క ప్రశ్న అడిగాడు: "ఎవరు కొంటారు?"

నేను, "ఎవరో పాత కార్ల పిచ్చివాడు కొంటాడు" అన్నాను.

"పాత కార్ల పిచ్చివాడికి ఇలాంటిదే మరో 770 తక్కువలో దొరుకుతుంది. ఈ కారుకే ఎక్కువ ఇచ్చేవాడు దేనికోసం ఇస్తున్నట్టు?" అన్నాడు. మళ్ళీ తినడంలో పడ్డాడు.

నా దగ్గర జవాబు లేదు. కథకి ఆరువేలు అడిగితే ఇవ్వనన్నవాణ్ణి నేనే కదా! ఇక్కడ మిలియన్లన్నీ కథకే. ఆ కథ హిట్లర్. అది ఎంతగా నచ్చితే అంత ధర. నాజీలని ఆరాధించేవాళ్ళ చేతిలో పడుతుందేమోనన్న భయాన్నే చాలామంది ఆ రోజుల్లో పైకి అన్నారు. కొన్నాళ్ళకి మ్యూజియం ఆ ఆలోచన మానుకుంది. కారు అమ్మకుండానే కొత్త భవనం లేచింది. యూరప్‌లో యుద్ధం ముగిసి సరిగ్గా అరవై ఏళ్ళయిన రోజున, 2005 మే 8న, ఒట్టావా నది దగ్గర లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో దాన్ని తెరిచారు. దాన్ని రూపొందించిన వాస్తుశిల్పి రేమండ్ మోరియామా. యుద్ధకాలంలో, జపాను సంతతి అన్న ఒక్క నేరానికి, ఇదే కెనడా ప్రభుత్వం కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టిన పసివాడు ఆయన.

నా మనసు పూర్తిగా మారింది మాత్రం ఆ తరవాతి ఏడాది. 2006 వేసవిలో నాన్నగారు మా ఇంటికి వచ్చారు. వాల్తేరులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. మా అబ్బాయికి పదేళ్ళు. ముగ్గురం మ్యూజియానికి వెళ్ళాం.

రెండో ప్రపంచయుద్ధం గదుల్లో నల్లగా నిగనిగలాడుతూ ఉంది కారు. మావాడు నోరు తెరుచుకుని, "ఇంత పెద్ద కారా!" అన్నాడు. నిజమే, మొదట ఎవరికైనా తోచేది అదే. అందంగానే ఉంటుంది. ఆ అందం చూసి ముచ్చటపడి, మరుక్షణంలో మీద పేరు చదివి గతుక్కుమనడమే అక్కడ జరిగే చదువు. లక్షలమంది ఎలా మోసపోయారో పుస్తకంలో చదివితే అర్థం కాదు. ఆ ఒక్క క్షణం మనం కూడా మోసపోయి చూస్తే అర్థమవుతుంది.

నాన్నగారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఏరా, దీన్ని కరిగించి పారెయ్యకుండా ఎందుకుంచారు?" అన్నారు.

ఆరేళ్ళ కిందట అమ్మబోయి మానేశారని చెప్పాను. కోష్‌గారి సంగతీ చెప్పాను. కాయితాల సంగతి అనేసరికి రైల్వే గుమాస్తాకి ఆసక్తి పుట్టింది. ఆర్డరు పుస్తకం ఎలా దొరికింది, నంబరు ఎలా పోల్చారు అని గుచ్చి గుచ్చి అడిగారు. తరవాత, "మన దగ్గరా ఒక జర్మను కారుంది" అన్నారు. ఉద్యోగం పని మీద కలకత్తా వెళ్ళినప్పుడు ఎల్గిన్ రోడ్డులో నేతాజీ ఇంట్లో చూశారట. వాండరర్ అని, చిన్న నాలుగు తలుపుల బండి, బి.ఎల్.ఎ. 7169 అని నంబరు కూడా చెప్పారు. 1941 జనవరిలో పోలీసుల కళ్ళుగప్పి సుభాష్ చంద్రబోసు పారిపోయింది ఆ కారులోనే. అన్న కొడుకు శిశిర్ కుమార్ బోసు రాత్రంతా నడిపి బీహారులోకి తీసుకెళ్ళాడు. గోమో స్టేషనులో రైలెక్కించారు. (ఆ కారుని బాగుచేయించి, 2017 జనవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతులమీదుగా మళ్ళీ ప్రదర్శనకి పెట్టారు.)

"ఆ కారెక్కి బయల్దేరిన మనిషే, ఈ కారు మనిషి దగ్గరకి సాయానికెళ్ళాడు" అన్నారు నాన్నగారు. 1942 మేలో బోసు హిట్లర్‌ని కలిసిన మాట నిజమే. "రెండు కార్లూ ఉంటేనే ఆ సంగతి గుర్తుంటుంది. ఒకటే ఉంటే మనకి నచ్చినంత కథే చెప్పుకుంటాం." కరిగించమన్న మాట అక్కడితో మానేశారు.

అదే భవనంలో స్మారక మందిరం ఒకటుంది. గోడలో ఒక్క కిటికీ. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన అజ్ఞాత సైనికుడి సమాధి రాయి అక్కడ ఉంచారు. ఏటా నవంబరు 11న, ఉదయం పదకొండు గంటలకి, ఎండ సూటిగా ఆ రాయి మీద పడేలా మోరియామా లెక్కకట్టి కట్టారు. ఆ రాయికి పేరు లేదు. దానికి ఎవరూ ధర కట్టరు. అవతల ఉన్న కారుకి పేరుంది, ధరా ఉంది. మ్యూజియం చేసే పనల్లా రెంటినీ ఒకే కప్పు కింద, ఒకే టిక్కెట్టు మీద చూపించడం. కారుని అక్కడనుంచి తీసి ఇంకెక్కడ పెట్టినా, ఎవరి షెడ్డులో పెట్టినా, ఆ రాయి దాని పక్కన ఉండదు. కోష్‌గారు వెతికి తీసిన నిజం ఎక్కడికైనా పోతుంది గాని, ఆ పక్కవాటా మాత్రం పోదు. నా పోలిష్ మిత్రుడి ప్రశ్నకి ఆరేళ్ళు ఆలస్యంగా నాకు దొరికిన జవాబు ఇది.

బజారు మాత్రం ఊరుకోలేదు. 2018 జనవరిలో, మళ్ళీ అదే స్కాట్స్‌డేల్‌లో, హిట్లర్ వాడిన 770 మరొకటి వేలానికి వచ్చింది. వచ్చినదాంట్లో పదో వంతు యూదుల మారణహోమం గురించిన విద్యకి ఇస్తామని కూడా అన్నారు. పాట డెబ్భై లక్షల డాలర్లదాకా వెళ్ళి ఆగింది. అమ్మేవాళ్ళు ఆశించినంత రాలేదు, అమ్మలేదు. డెబ్భై లక్షలు ఇస్తానన్నవాడు ఒకడున్నాడు. చాలదన్నవాడు ఇంకొకడున్నాడు. ఆ వార్త చదివి ఒట్టావా కారు ఒట్టావాలోనే ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను.

మ్యూజియంనుంచి తిరిగొచ్చిన రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు మావాడికి తన యుద్ధం గురించి చెప్పారు. నాకు ముక్కలు ముక్కలుగానే తెలిసిన కథ. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నాన్నగారికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇల్లు వన్‌టౌనులో, రేవుకి దగ్గర్లోనే. ఆ రాత్రే ఊరు సగం ఖాళీ అయింది. మా తాతగారు ఎవరి దగ్గరో ఎడ్లబండి సంపాదించి, నాయనమ్మనీ నలుగురు పిల్లల్నీ ఎక్కించి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోటకి, మా మేనత్తగారింటికి చేర్చారు. రెండు రాత్రుళ్ళు పట్టింది. పగలు చెట్లకింద ఆగేవారట. బండిలో ఒక పెట్టె, ఒక కావిడి బిందె, చింతకాయ పచ్చడి జాడీ.

మావాడు శ్రద్ధగా విని, "తాతగారూ, ఆ బండి ఇప్పుడెక్కడుంది?" అన్నాడు. పొద్దున్నే అంత పెద్ద కారుని చూసొచ్చిన పిల్లాడికి ఆ ప్రశ్న సహజం.

నాన్నగారు కాసేపు ఆలోచించారు. "కోటలోనే ఎవరికో అమ్మేశారు నాయనా. తిరిగి రావడానికి రైలు ఖర్చులకి కావాలి కదా!" అన్నారు.

"ఎంతకి?" అన్నాడు వాడు.

గుర్తులేదన్నారు.

ఆ మాట ఆ రాత్రే ఒక కాయితం మీద రాసి, తేదీ వేసి, నాన్నగారిచేత సంతకం పెట్టించుకున్నాను. ఆయన నవ్వారు గాని, పెట్టారు. ఆ కాయితం నా దగ్గరుంది.